మరణాన్ని తలచుకుంటూ సాధన చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దగ్గరివాళ్లు ఎవరైనా పోయినప్పుడు రెండు మూడు రోజులపాటు మనసు కడిగినట్టు ఉంటుంది. కోపతాపాలు చిన్నవైపోతాయి. రేపటి నుంచి జపమో ధ్యానమో పట్టుగా చేయాలనిపిస్తుంది. వారం తిరిగేసరికి మళ్లీ పాత దారే. పెద్దలు దీన్నే శ్మశాన వైరాగ్యం అన్నారు. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యాల సరసన దీన్నీ చేర్చి, ఈ మూడూ నిలిచేవి కావన్నారు. అలాగని ఆ రెండు మూడు రోజుల్లో మనకు తోచింది అబద్ధమేమీ కాదు. దాన్ని రోజూ కొద్దికొద్దిగా గుర్తు తెచ్చుకుని, ఆ వేడి ఆరకముందే సాధనలోకి మళ్లించుకునే ఏర్పాటు మనకు ఉండదు, అంతే. మరణస్మృతి ఆ ఏర్పాటే. దీని పద్ధతిని బౌద్ధులు బాగా వివరంగా చెప్పారు కాబట్టి ఇక్కడి వివరాలు ఎక్కువగా అక్కడివే. మీరు చేసేది జపమైనా, ధ్యానమైనా, ప్రార్థనైనా దీన్ని దానికి ముందు చేర్చుకోవచ్చు.

రోజూ చావు గురించి తలచుకోవడం అశుభం కాదా?

కాదు. జన్మ, మృత్యువు, జర, వ్యాధి అనే వాటిలోని దోషాన్ని పదే పదే చూడడాన్ని భగవద్గీత 13వ అధ్యాయం జ్ఞాన లక్షణాల్లోనే చేర్చింది. కఠోపనిషత్తులో నచికేతుడికి గురువు సాక్షాత్తూ యముడే. జైనులు భావించమన్న 12 అనుప్రేక్షల్లో (పదే పదే తలచుకోవాల్సిన విషయాల్లో) మొదటిది అనిత్యం, అంటే ఏదీ శాశ్వతం కాదన్నది. క్రైస్తవ మఠాల కోసం 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ రాసిన నియమావళి కూడా మరణాన్ని రోజూ కళ్లెదుట ఉంచుకోమంటుంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని సంప్రదాయాలు కూడా బద్ధకానికి ఈ మందే రాశాయి. అయితే ఏ మందుకైనా మోతాదు ఉంటుంది, అది పడనివాళ్లూ ఉంటారు. ఆ సంగతులు కింద ఉన్నాయి.

కచ్చితంగా ఏం తలచుకోవాలి? ‘అందరం పోయేవాళ్లమే’ అనుకుంటే చాలదా?

చాలదు. ఆ మాట అందరికీ నోటికి వచ్చు, అందుకే అది ఎవరినీ కదిలించదు. టిబెట్ బౌద్ధులు దీన్ని మూడు మూలాలుగా, ఒక్కో మూలానికి మూడు కారణాలుగా విడదీశారు. ఒక్కో మూలం చివర ఒక నిర్ణయం ఉంటుంది. టిబెట్ బౌద్ధ గురువు చోంఖాపా (1357–1419) బోధనల్లో ఇదే వరుస కనిపిస్తుంది.

మొదటి మూలం: మరణం తప్పదు. ఎంతటివాళ్లకైనా, ఏ ఉపాయంతోనైనా దాన్ని తప్పించుకోవడం కుదరలేదు. ఆయుష్షుకు కలిసేదేమీ లేదు, క్షణక్షణం తరిగేదే. బతికి ఉన్న కాలంలో కూడా సాధనకు దొరికే సమయం బహు తక్కువ. నిర్ణయం: సాధన చేసి తీరాలి.

రెండో మూలం: ఎప్పుడొస్తుందో తెలియదు. మనిషి ఆయుష్షుకు ఇంతని కొలత లేదు. చావుకు కారణాలు బోలెడు, బతుకును నిలిపేవి కొన్నే. శరీరం చాలా సుకుమారమైనది. నిర్ణయం: ఇప్పుడే చేయాలి.

మూడో మూలం: ఆ వేళ సాధన తప్ప మరేదీ అక్కరకు రాదు. అయినవాళ్లు వెంట రారు, డబ్బు రాదు, పుట్టినప్పటి నుంచీ అంటిపెట్టుకున్న ఒళ్లు కూడా రాదు. నిర్ణయం: వీటి మీది పట్టు సడలించి చేయాలి.

మొదటి మూలంలోని మూడో కారణాన్ని చాలామంది పైపైన దాటేస్తారు. అక్కడ కాస్త ఆగి లెక్క వేయండి. రోజుకు 8 గంటలు నిద్రపోయే మనిషి 60 ఏళ్లలో 20 ఏళ్లు నిద్రలోనే గడుపుతాడు. రోజుకు అరగంట చొప్పున, ఒక్క రోజు కూడా మానకుండా 20 ఏళ్లు సాధన చేస్తే 3650 గంటలవుతుంది. అంటే 152 రోజులు. ఇరవై ఏళ్ల సాధకుడినని చెప్పుకునే మనిషి చేతిలో నిజంగా ఉన్నది అయిదు నెలలు. ఈ లెక్క ఒక్కసారి సొంతంగా వేసుకున్నవాళ్లు ఆ అరగంటను ఫోను చూసుకుంటూ పోగొట్టుకోరు.

రోజువారీ పద్ధతి ఏమిటి? ఎంతసేపు చేయాలి?

మొదట్లో 15 నిమిషాలు చాలు. 20 దాటనివ్వకండి. మీ అసలు సాధన ఎప్పుడు చేస్తారో సరిగ్గా దాని ముందు కూర్చోండి.

మొదటి 3 నిమిషాలు వెన్ను నిటారుగా ఉంచి, ఊపిరి మీద మనసు పెట్టండి. మనసు చెదిరి ఉండగా మరణాన్ని తలిస్తే అది ఆలోచనగా కాక ఆందోళనగా మారుతుంది.

తర్వాత 6 నిమిషాలు ఒకే ఒక్క మూలాన్ని, దాని మూడు కారణాలను తీసుకోండి. ఈ రోజు మొదటిది, రేపు రెండోది, ఎల్లుండి మూడోది. మూడింటినీ ఒకే రోజు లాగిస్తే అది పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. ప్రతి కారణానికీ మీకు తెలిసిన ఒక ఉదాహరణ ఉండాలి: మీకంటే చిన్నవయసులో పోయినవారు, మర్నాటికి పని పెట్టుకుని ఆ రాత్రే కన్నుమూసినవారు. అయితే మీరు ప్రాణంగా ప్రేమించేవాళ్లను గానీ, మీకు గిట్టనివాళ్లను గానీ ఉదాహరణగా తీసుకోకండి. 5వ శతాబ్దానికి చెందిన బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమార్గం అనే తన గ్రంథంలో దీనికి కారణం చెప్పాడు: ప్రియమైనవారి చావు తలిస్తే దుఃఖం పుడుతుంది, శత్రువు చావు తలిస్తే సంతోషం, ఏ సంబంధమూ లేనివారి చావు తలిస్తే ఉదాసీనత, తన చావును ఉత్తినే తలిస్తే భయం. ఒకప్పుడు బాగా బతికి పోయినవారిని, పేరూ కలిమీ బలమూ ఉండి పోయినవారిని తలచి, ‘నాకూ ఇదే జరుగుతుంది’ అని తనవైపు తిప్పుకోవడం ఆయన చూపిన దారి.

మనసులో ఒక చురుకు తగిలిన క్షణాన ఆలోచించడం ఆపేయండి. తర్వాతి 4 నిమిషాలు మాటలు లేకుండా ఆ భావంలోనే ఉండండి. పోతోందనిపిస్తే ‘మరణం తప్పదు’ అని ఒక్కసారి అనుకోండి.

ఆఖరి 2 నిమిషాల్లో ఆ రోజు మూలానికి చెందిన నిర్ణయాన్ని మీ మాటల్లో చెప్పుకుని, ఈ రోజు చేయగలిగిన ఒక పనిగా మార్చండి. ‘ఇక నుంచి బాగా సాధన చేస్తాను’ అనేది నిర్ణయం కాదు. ‘ఈ పూట మాల పూర్తయ్యేదాకా లేవను’, ‘సాయంత్రంలోగా ఆ మనిషికి క్షమాపణ చెబుతాను’ అనేవి నిర్ణయాలు. లేచి నీళ్లు తాగడం, ఫోను చూడడం లాంటివి పెట్టుకోకుండా అక్కడి నుంచి నేరుగా మీ సాధనలోకి వెళ్లండి. మరణస్మృతి పొయ్యి వెలిగించే అగ్గిపుల్ల లాంటిది. పుల్ల వెలిగించి దాన్నే చూస్తూ కూర్చుంటే చెయ్యి కాలుతుంది.

‘ఒక్క శ్వాస’ పద్ధతి అంటారు, అదేమిటి?

బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో ఒక సుత్తం (బోధ) ఉంది. నాదిక అనే ఊళ్లో ఇటుకల వసతిగృహంలో ఉన్నప్పుడు, మరణస్మృతిని ఎలా చేస్తున్నారని బుద్ధుడు భిక్షువులను అడుగుతాడు. ఒక రాత్రీ పగలూ బతికితే చాలు, ఆ కాస్తలో భగవానుడి బోధ మీద మనసు నిలుపుతాను, అదే చాలా చేసినట్టు అంటాడు ఒకరు. ఒక పగలు అంటాడు ఇంకొకరు. ఒక పూట భోజనం చేసేంతసేపు, నాలుగైదు ముద్దలు మింగేంతసేపు, ఒక్క ముద్ద మింగేంతసేపు, చివరికి ఒక్క శ్వాస తీసి విడిచేంతసేపు అంటూ గడువు కుదించుకుంటూ పోతారు. మొదటి నలుగురూ ఏమరుపాటులో ఉన్నారనీ, చివరి ఇద్దరే అప్రమత్తులనీ బుద్ధుడు తేల్చాడు.

వాళ్లలో ఎవరూ ‘ఇంతలో చచ్చిపోతాను’ అని చెప్పి ఊరుకోలేదు. ‘ఈ కాస్త దొరికితే ఇది చేసుకుంటాను’ అన్నారు. ఆచరణలో ఆ రెండో సగం జారిపోతే మిగిలేది భయమే.

చేసే తీరు: ఊపిరిని దాని మానాన వదిలేయండి. లోపలికి వస్తున్నప్పుడు ‘ఇది దొరికింది’ అని గమనించండి. విడిచాక, తర్వాతి ఊపిరి మొదలయ్యే ముందు చిన్న విరామం ఉంటుంది. పొట్ట కిందికి దిగి కదలకుండా ఉంటుంది, ముక్కు దగ్గర స్పర్శ ఆగిపోతుంది. తర్వాతి ఊపిరికి హామీ ఏమీ లేదని అక్కడ చూడండి. మళ్లీ ఊపిరి వచ్చినప్పుడు దాన్ని మీ మంత్రానికో ధ్యాన విషయానికో అప్పగించండి. విరామాన్ని బలవంతంగా పొడిగించకండి, ఊపిరి బిగబడితే తల తిరుగుతుంది, మనసు దాన్ని ప్రమాదంగా లెక్కిస్తుంది. పది ఊపిరులు చాలు. యోగ సంప్రదాయం ప్రకారం మనిషి రోజుకు తీసే శ్వాసలు 21,600. అందులో పది ఇందుకు కేటాయించడం కష్టం కాదు.

రాత్రి పడుకునే ముందు చేయవచ్చా?

చేయవచ్చు, కాని అది వేరే అభ్యాసం. దీనికి ఆధారం అదే నికాయంలోని ఆ తర్వాతి సుత్తం. పగలు గడిచి రాత్రి వచ్చాక భిక్షువు ఇలా తలచుకోవాలి: నా చావుకు కారణాలు ఎన్నో. పాము కరవచ్చు, తేలు కుట్టవచ్చు, కాలు జారి పడవచ్చు, తిన్నది వికటించవచ్చు, పిత్తమో కఫమో వాతమో ప్రకోపించవచ్చు. ఈ రాత్రే పోతే నాకు అడ్డు కాగల చెడు గుణం ఏదైనా నాలో విడవకుండా మిగిలి ఉందా? ఉంటే, తలకు గానీ బట్టలకు గానీ నిప్పంటుకున్నవాడు ఎంత ఆత్రంగా ఆర్పుకుంటాడో అంత ఆత్రంగా దాన్ని విడవాలి. లేదని తోస్తే ఆనందంగా ఉంటూ సాధన సాగించాలి. తెల్లవారాక కూడా ఇదే ప్రశ్న.

చివరనున్న ఆ ఆనందాన్ని మనవాళ్లు తరచూ మరిచిపోతారు. రాత్రి పూట 5 నిమిషాలు మించకుండా, ఒకే ఒక్క విషయం చూసుకోండి. ఈ రోజు మనసులో ఉంచుకున్న పగ, దాచిన అబద్ధం, ఇవ్వాల్సి ఉండి ఇవ్వనిది. అప్పటికప్పుడు విడిచిపెట్టగలిగితే విడిచిపెట్టండి, లేదంటే రేపు చేయాల్సిన పనిగా కాగితం మీద రాసి పడుకోండి. నిద్ర పట్టనివాళ్లు దీన్ని ఉదయానికి మార్చుకోవాలి.

నెలల తరబడి చేస్తున్నా ఏమీ అనిపించడం లేదు. ఎందుకు?

ఎక్కువగా రెండు కారణాలు. ఒకటి, మాటలు నోటికి వచ్చేసి ఉదాహరణలు పాతబడిపోవడం. వారానికోసారి ఉదాహరణలు మార్చండి. రెండోది లోతైనది. ‘చస్తాను’ అని ఒప్పుకునే మనసే ‘ఈ రోజు మాత్రం కాదు’ అని లోలోపల గట్టిగా నమ్ముతుంది. యక్షప్రశ్నల్లో ధర్మరాజు అన్నిటికంటే వింతగా చెప్పింది ఇదే: రోజూ ప్రాణులు యముడి ఇంటికి పోతుంటే చూస్తూ కూడా మిగిలినవాళ్లు శాశ్వతంగా ఉండాలనుకుంటారు. కాబట్టి మూడు వారాలపాటు మొదటి మూలం పక్కన పెట్టి రెండోదే చేయండి. పొద్దున లేవగానే ‘ఈ రోజు పోనని చెప్పడానికి నా దగ్గర ఆధారం ఏముంది?’ అని అడిగి, మనసు చెప్పే ఒక్కో సాకునూ పరీక్షించండి. ‘ఆరోగ్యంగా ఉన్నాను’, ‘వయసు చిన్నదే’, ‘ఇంకా బాధ్యతలున్నాయి’ లాంటివే వస్తాయి. ఇవే సాకులు ఉండి కూడా పోయినవాళ్లు ఒక్కో దానికీ గుర్తొస్తారు.

చేస్తుంటే గుండె దడ, భయం. ఆపేయాలా?

భయం రెండు రకాలు. ఉన్నవన్నీ వదిలిపోవాలే అన్న భయం పట్టు వల్ల పుట్టేది. అది మనసును బిగదీసి కుర్చీలోంచి లేవనివ్వదు. సిద్ధపడకుండానే పోతానేమో అన్న భయం మిమ్మల్ని సాధనకు కూర్చోబెడుతుంది. రెండోదైతే కొనసాగించండి. మొదటిదైతే ఆ పూటకు ఆపి, కళ్లు తెరిచి, అరికాళ్లు నేలకు ఆనించి, ఊపిరిని కాస్త పొడవుగా విడుస్తూ 5 నిమిషాలు ఉండి, తర్వాత మైత్రీ భావన చేయండి: ముందు మీరు, తర్వాత అందరూ సుఖంగా ఉండాలని. పాళీ బౌద్ధ సంప్రదాయంలో సాధకుడికి రక్షగా చెప్పిన నాలుగు ధ్యానాల్లో మరణస్మృతితోపాటు బుద్ధానుస్మృతి (బుద్ధుడి గుణాలను తలచుకోవడం), మైత్రి, అశుభ భావన (శరీరంలోని అసహ్యాన్ని తలచుకోవడం) ఉన్నాయి. మరణస్మృతిని ఒంటరిగా కాక మైత్రితో జతగా చేయడం దాదాపు అందరికీ క్షేమం.

చాలామందిలో భయానికి అసలు మూలం ఊహాచిత్రం. తన శవం, చుట్టూ ఏడుస్తున్న ఇంట్లోవాళ్లు, తన గురించి వాళ్లు చెప్పుకునే మాటలు. ఇది మరణస్మృతి కాదు, తన మీద తనకు పుట్టే జాలి. ఆ దృశ్యం మొదలవగానే వదిలేసి కారణాల వరుసకు తిరిగి రండి.

దీన్ని ఎవరు చేయకూడదు?

దగ్గరివాళ్లను కొత్తగా పోగొట్టుకున్నవారు, కుంగుబాటులో ఉన్నవారు, ఒక్కసారిగా తీవ్రమైన భయం ముంచుకొచ్చే సమస్య ఉన్నవారు, బతకాలని లేదనే ఆలోచనలు వస్తున్నవారు దీని జోలికి పోకూడదు. వారికి ముందు కావలసింది వైద్యుడు, తోడు. బుద్ధుడి బోధల మరో సంకలనమైన సంయుత్త నికాయంలో దీనికి బలమైన హెచ్చరిక ఉంది. వైశాలిలో శరీరపు అశుభత్వాన్ని భావించమని చెప్పి బుద్ధుడు అర్ధమాసం ఏకాంతానికి వెళ్లాడు. ఆ భావన వికటించి, శరీరం మీద అసహ్యం పెరిగి, చాలామంది భిక్షువులు ప్రాణాలు తీసుకున్నారు. బుద్ధుడు తిరిగొచ్చాక, మరో పద్ధతి చెప్పమని శిష్యుడు ఆనందుడు కోరితే ఆనాపానస్మృతిని, అంటే ఊపిరిని గమనించే ధ్యానాన్ని బోధించాడు. అక్కడ వికటించింది అశుభ భావనే గాని మరణస్మృతి కాదు. కానీ ఈ రెండూ పక్కపక్కనే ఉండేవి. బతుకు మీద విసుగు పుడుతుంటే అది వైరాగ్యమని మురిసిపోకండి. ఆ రోజే ఆపి, ఎవరితోనైనా మాట్లాడండి.

ఎలాగూ పోయేవాళ్లమే కదా, ఉన్నన్నాళ్లూ సుఖపడితే తప్పేంటి?

మూడో మూలం చేరకుండా మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతే ఈ ప్రశ్న వస్తుంది. సుఖపడడం తప్పని ఎవరూ అనలేదు. ఆ వేళకు అది ఏమేరకు పనికొస్తుందన్నదే ప్రశ్న.

దీనికి ఇంకో కొస కూడా ఉంది: ఉద్యోగం, సంసారం అన్నీ వదిలేసి వెళ్లిపోవాలనిపించడం. అంత పెద్ద నిర్ణయం మరణస్మృతి వేడిలో ఎప్పుడూ తీసుకోకండి. ఆరు నెలలపాటు రోజూ చేస్తున్నా అదే నిలకడగా తోస్తుంటే, అప్పుడు గురువుతోనూ ఇంట్లోవాళ్లతోనూ కూర్చుని మాట్లాడవచ్చు.

అంత్యకాలంలో దేవుణ్ణి తలిస్తే చాలని గీతే అంటోంది కదా?

గీత 8వ అధ్యాయంలో 5, 6 శ్లోకాలు చదివి ఆపేసేవాళ్లు వేసే ప్రశ్న ఇది. ‘కాబట్టి అన్ని వేళలా నన్ను తలచుకో, యుద్ధమూ చెయ్యి’ అని ఏడో శ్లోకం తేల్చేస్తుంది. చివరి క్షణంలో మనసు జీవితమంతా నడిచిన దారినే పోతుంది. దాశరథీ శతకంలో రామదాసు ఈ సంగతిని మనకు అర్థమయ్యేలా చెప్పాడు: రోగం ముదిరి కఫం గొంతు నిండే వేళ, చుట్టాలు కమ్ముకునే వేళ, నీ స్మరణ కలుగుతుందో కలగదో, అందుకని నాటికి ఇప్పుడే నీ భజన చేస్తానన్నాడు. చావు వేళ కొడుకును ‘నారాయణా’ అని పిలిచి యమభటుల నుంచి బయటపడ్డ అజామిళుణ్ణి ధైర్యంగా చూపించేవాళ్లు, ఆ తర్వాత అతడు మిగిలిన జీవితాన్ని తపస్సులో గడిపాడన్న సంగతి కూడా చెప్పాలి.

బతకబోయే వారాలన్నీ గళ్లుగా గీసుకుని, గడిచినవి కొట్టేస్తున్నాను. మంచిదేనా?

మొదటి మూలానికి పనికొస్తుంది, రెండోదాన్ని దెబ్బ తీస్తుంది. 80 ఏళ్లకు సుమారు 4,170 గళ్లు వస్తాయి. కాగితం మీద ఖాళీగా కనిపిస్తున్న గళ్లన్నీ మీవేనని మనసు నమ్మేస్తుంది. ఆయుష్షు, వ్యాధి, కాలం, దేహం పడే చోటు, ఆపై గతి, ఈ అయిదింటికీ ముందస్తు గుర్తు ఉండదన్నాడు బుద్ధఘోషుడు. గీసుకుంటే గడిచిన గళ్లే గీసుకోండి, రాబోయేవాటిని గీయకండి.

పునర్జన్మ మీద నమ్మకం లేదు. ఇది నాకు పనికొస్తుందా?

మొదటి రెండు మూలాలకు ఏ నమ్మకమూ అక్కర్లేదు. మూడోదాన్ని ‘ఆఖరి రోజుల్లో, నొప్పిలో, ఒంటరిగా ఉన్నప్పుడు నాకు తోడుండేది ఏది?’ అని మార్చుకోండి.

రమణ మహర్షికి కలిగిన మరణానుభవాన్ని మనం ప్రయత్నించవచ్చా?

1896 జూలైలో, మదురైలో, 16 ఏళ్ల వయసులో ఆయనకు ఉన్నట్టుండి మరణభయం కలిగింది. ఆయన సాయం కోసం ఎవరినీ పిలవలేదు. కాళ్లు చేతులు చాపి కట్టెలా పడుకుని, ఊపిరి బిగబట్టి, పెదవులు మూసి, ‘ఈ శరీరం చచ్చింది, మరి నేను చచ్చానా?’ అని లోపలికి చూశారు. ఆ భయం మళ్లీ రాలేదు. సెప్టెంబరు 1న అరుణాచలం చేరారు. పడుకోవడాన్నీ ఊపిరి బిగబట్టడాన్నీ అనుకరించకండి, అది తనంతట తాను జరిగింది. భయాన్ని ప్రశ్నగా మార్చడం మాత్రం అందరికీ సాధ్యమే. ఆత్మవిచార మార్గంలో (‘నేనెవరు?’ అని లోపల వెతికే దారిలో) ఉన్నవారు మాటలు లేని ఆ 4 నిమిషాల చోట ‘పోయేది ఏది? పోతోందని తెలుసుకుంటున్నది ఎవరు?’ అని అడగవచ్చు.

వీలునామా రాయడం లాంటి లౌకిక ఏర్పాట్లకూ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. బుద్ధుడి కాలంలో నకులపిత అనే గృహస్థుకు జబ్బు ముదిరినప్పుడు ఆయన భార్య నకులమాత వేదాంతం చెప్పలేదు. బెంగతో పోవద్దని, తనకు పత్తి వడకడం, ఉన్ని దువ్వడం వచ్చనీ, పిల్లల్ని పోషించుకోగలననీ ఒక్కొక్కటిగా ధైర్యం చెప్పింది. ఆయన కోలుకున్నాడు. తెగని లౌకిక చిక్కులు సాధనలో కూడా మనసును లాగుతూనే ఉంటాయి. అప్పుల చిట్టా, ఆస్తి పత్రాలు, ఎవరికి ఏం చెప్పాలో అన్నీ ఒకచోట రాసి, ఇంట్లో ఒకరికి ఆ చోటు చూపించండి. ఇది మీ మొదటి నెల నిర్ణయాల్లో ఒకటి కావచ్చు.

సరిగ్గా చేస్తున్నామని ఎలా తెలుస్తుంది?

ముఖం వేలాడేసుకుని తిరగడం గుర్తు కాదు. వాయిదా వేసే అలవాటు తగ్గుతుంది. గొడవ వస్తే త్వరగా తెగుతుంది. కూడబెట్టుకోవాలన్న యావ పలుచబడుతుంది. సాధనకు కూర్చోవడానికి మనసును బతిమాలాల్సిన పని ఉండదు. ఎదుటివాళ్ల మీద ‘వీళ్లకేం తెలుసు’ అన్న చులకన పెరుగుతుంటే మాత్రం దారి తప్పినట్టే. వాళ్లూ పోయేవాళ్లేనన్నది గుర్తుంటే కలగాల్సింది కరుణ.

ఎంతకాలం చేయాలి?

పూర్తి పద్ధతి కనీసం మూడు నెలలు. ఆ తర్వాత కూర్చోగానే నిర్ణయం దానంతట అదే గుర్తొస్తుంటే, సాధనకు ముందు ఒక నిమిషం చాలు. రెండు సందర్భాల్లో మాత్రం మళ్లీ పూర్తి పద్ధతికి రండి: సాధన యాంత్రికంగా మారినప్పుడు, జీవితంలో ఏదైనా పెద్ద మేలు జరిగినప్పుడు. కష్టం వచ్చినప్పుడు అనిత్యం ఎవరికైనా గుర్తొస్తుంది. కొత్త పదవో, ఇల్లో, పేరో చేతికొచ్చిన వారంలోనే మనం దాన్ని పూర్తిగా మరిచిపోతాం.